భ్రాంతి – శాస్త్రం – శాసనం

(పాఠ్యాంశ పరిచయం: ఎల్.ఎస్.డి. అనే కృత్రిమ రసాయనం పుట్టుక, అది వైద్యుని చేతి నుండి విలాసపురుషుని చేతికి జారిన తీరు, దానిపై మన దేశంలో అమలులో ఉన్న శాసనం ఈ పాఠంలోని విషయాలు. ప్రక్రియ వ్యాసం.)

రాజమహేంద్రవరాన్ని రాజధానిగా చేసుకొని పాలించిన రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, పదకొండవ శతాబ్దంలో, నన్నయభట్టు మహాభారతాన్ని తెలుగు చేయడానికి పూనుకొన్నాడు. ఆయన రచించిన ఆదిపర్వంలో కచుని కథ ఉంది. మృతసంజీవనీ విద్యను నేర్చుకొనడానికి బృహస్పతి కుమారుడైన కచుడు రాక్షసగురువైన శుక్రాచార్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. అది సహింపలేని రాక్షసులు అతనిని చంపి, దహించి, ఆ బూడిదను సురలో కలిపి గురువుకే త్రాగించారు. సాయంకాలానికి శిష్యుడు రాలేదు. కుమార్తె దేవయాని దుఃఖిస్తుంటే, శుక్రుడు దివ్యదృష్టితో వెదకి వెదకి, చివరకు ఆ శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడని తెలుసుకొన్నాడు. సంజీవనిని కడుపులోని వానికి ఉపదేశించి, తన ఉదరాన్ని చీల్చుకొని రమ్మని చెప్పి, తాను మరణించి, తిరిగి ఆ శిష్యుని విద్యతోనే బ్రతికాడు. ఆ తరువాత సురాపానం మహాపాతకమని లోకానికి మర్యాద ఏర్పరచాడు.

ఈ కథను మద్యనిషేధానికి దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. అయితే కథలోని కీలకం కొంచెం లోతుగా ఉంది. మూడు లోకాలలో మరెవ్వరికీ తెలియని విద్య తెలిసిన గురువుకు, చేతిలోని పాత్రలో ఏముందో తెలియలేదు. పోసినవారు తనకు హితులా, అహితులా అన్న ఆలోచన రాలేదు. శుక్రుని శాసనం ఆ అజ్ఞానాన్ని గురించినది. తొమ్మిది వందల ఏండ్లు గడిచిన తరువాత, తపాలా బిళ్ళ కంటె చిన్నదైన ఒక కాగితపు ముక్కను గురించి వైద్యులు, న్యాయమూర్తులు అడుగుతున్న మొదటి ప్రశ్న కూడా అదే. ఇందులో ఏముంది? ఎవరు ఇచ్చారు?

మైకాన్ని తెలిపే మాటలకు తెలుగులో లోటు లేదు. మత్తు, మదం, మైకం, కైపు అన్నవి మనకు ఉన్నవే. ‘నిషా’ ఉర్దూ నుండి వచ్చి స్థిరపడింది. ఇవన్నీ ఇంద్రియాలు మందగించడాన్నో, అదుపు తప్పడాన్నో సూచిస్తాయి. కల్లు త్రాగినవాడు తూలుతాడు. నల్లమందు తిన్నవాడు జోగుతాడు. ఎల్.ఎస్.డి. చేసే పని వేరు. అది ఇంద్రియాలను నిద్రపుచ్చదు, వాటి సాక్ష్యాన్ని తారుమారు చేస్తుంది. దానికి తగిన మాట భ్రాంతి. అలంకారశాస్త్రంలో భ్రాంతిమదలంకారం ఉన్నది. గోదావరి నీటిలో పడిన చంద్రబింబాన్ని చూచి చేపపిల్ల వెన్నముద్ద అనుకొన్నదని కవి చెబితే అది భ్రాంతిమంతం. పాఠకుడు చంద్రుడు చంద్రుడేనని ఎరిగి ఉంటాడు కనుకనే ఆ కల్పన రుచిస్తుంది. ఎరుక పోయి భ్రాంతి ఒక్కటే మిగిలితే దానిని అలంకారమనరు. వైద్యులు దానిని ఉన్మాదమంటారు.

ఈ రకపు ద్రవ్యాలకు ‘సైకెడెలిక్’ అనే పేరు 1956లో పుట్టింది. హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు ఆల్డస్ హక్స్‌లీ అనే ఆంగ్ల రచయితతో నడిపిన ఉత్తరాలలో, మనస్సు, వ్యక్తం కావడం అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి దానిని కల్పించాడు. పేరులో ప్రశంస ఉన్నదన్న సంగతి గమనింపదగినది. అంతకు ముందు వైద్యులు వాడిన మాటలకు ‘ఉన్మాదాన్ని అనుకరించేవి’ అన్న అర్థం ఉండేది. ఒకే ద్రవ్యాన్ని గురించి ఆ రెండు అభిప్రాయాలూ నేటికీ కలహిస్తూనే ఉన్నాయి.

దీని పుట్టుక ఒక పైరు తెగులుతో ముడివడి ఉంది. ఐరోపాలో పండించే రై అనే ధాన్యపు కంకిపై ఒక బూజు పెరుగుతుంది. గింజ ఉండవలసిన చోట కోడిపుంజు కాలి ముల్లు వంటి నల్లని కొమ్ము మొలుస్తుంది. దానినే ఎర్గాట్ అంటారు. మధ్యయుగాలలో ఆ గింజలు కలిసిన పిండితో రొట్టెలు తిన్న గ్రామాలకు గ్రామాలు రోగగ్రస్తమయ్యేవి. వ్రేళ్ళు మాడి నల్లబడి ఊడిపోయేవి. కొందరికి మూర్ఛలు, మతిభ్రమణం కలిగేవి. ‘పరిశుద్ధ ఆంతోని అగ్ని’ అని ఆ వ్యాధికి పేరు పెట్టి, ఆ మఠాలను ఆశ్రయించి జనం మొరపెట్టుకొనేవారు. కారణం రొట్టెలోనే ఉన్నదని తెలియడానికి శతాబ్దాలు పట్టింది.

మన మెట్ట ప్రాంతపు రైతులకు దీని దాయాది తెలుసు. సజ్జ కంకి నుండి జిగురు కారే తేనెబంక తెగులు ఆ జాతికి చెందిన బూజు వల్లనే వస్తుంది. విత్తనాలను ఉప్పునీటిలో పోసి, పైకి తేలిన వాటిని తీసివేయడం దానికి వాడుకలో ఉన్న ఉపాయం. అయితే సజ్జ బూజులోని విషాలు, రై బూజులోని విషాలు ఒకటి కావు. 1950 తరువాత మహారాష్ట్ర, రాజస్థాన్ ప్రాంతాలలో తెగులు సోకిన సజ్జలు తిన్నవారికి వాంతులు, తలతిరుగుడు కలిగిన ఉదంతాలు నమోదయ్యాయి కాని, ఐరోపాలో వలె అవయవాలు ఊడిపోలేదు. వరియే ప్రధానమైన గోదావరి డెల్టా రైతుకు ఈ తెగులుతో పెద్దగా పరిచయం ఉండదు.

విషమైన ఎర్గాట్‌నే ఐరోపా మంత్రసానులు కొలతగా వాడి కాన్పులు చేసేవారు. అది గర్భాశయాన్ని గట్టిగా ముడుచుకొనేటట్లు చేస్తుంది. కొలత తప్పితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే. ఆ గుణాన్ని మాత్రం వేరుచేసి, కొలతకు లొంగే మందుగా మార్చాలని స్విట్జర్లండ్‌లోని బాసెల్ నగరంలో శాండోజ్ అనే మందుల సంస్థ పరిశోధన సాగించింది. ఆ ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ హాఫ్‌మన్ (1906–2008) ఎర్గాట్‌లోని మూలద్రవ్యమైన లైసర్జిక్ ఆమ్లం నుండి మిథైల్ ఎర్గోమెట్రిన్ అనే మందును రూపొందించాడు. కాన్పు తరువాత ఆగని రక్తస్రావాన్ని అరికట్టడానికి మన ప్రసూతి ఆసుపత్రులలో కూడా ఈ మందును వాడుతున్నారు. దీని వల్ల బ్రతికిన తల్లులెందరో లెక్క పెట్టలేము. హాఫ్‌మన్ పేరు చెప్పగానే లోకానికి ఈ మందు గుర్తుకు రాదు. దాని సోదర ద్రవ్యమే గుర్తుకు వస్తుంది.

1938 నవంబరు 16న హాఫ్‌మన్ అదే ఆమ్లం నుండి వరుసలో 25వ ద్రవ్యాన్ని తయారుచేశాడు. జర్మన్ పేరును కుదించి దానికి ఎల్.ఎస్.డి. – 25 అని గుర్తు వేశారు. మధ్యలోని ‘ఎస్’ అక్షరం ఆమ్లమనే అర్థం గల జర్మన్ మాటకు మొదటి అక్షరం. శ్వాసకు, రక్తప్రసరణకు ఉత్తేజమిచ్చే మందు కావాలని ఆయన ఉద్దేశం. జంతువులపై చేసిన పరీక్షలో ప్రత్యేక ఫలితమేదీ కనిపించక దానిని ప్రక్కన పెట్టారు. అయిదేండ్ల తరువాత, 1943 ఏప్రిల్ 16న, ఆయన దానిని మళ్ళీ తయారుచేస్తుండగా వింత తలతిరుగుడు కలిగింది. కన్ను మూస్తే రంగుల ప్రవాహాలు కనిపించాయి. ద్రవ్యం ఏదో విధంగా లేశమాత్రం ఒంటికి సోకి ఉంటుందని ఊహించి, మూడు రోజుల తరువాత తనపై తానే పరీక్ష చేసుకొన్నాడు.

ఆయన తీసుకొన్నది పావు మిల్లీగ్రాము. ఒక బియ్యపు గింజ బరువులో సుమారు నూరవ వంతు. అంత తక్కువ కొలత ఏ మందుకైనా అతి జాగ్రత్త అనిపించుకొనేది. గంట తిరగకముందే ఆయన మాట తడబడింది. యుద్ధకాలం కావడం వల్ల వాహనాలు దొరకక, సహాయకురాలిని తోడు తీసుకొని సైకిలుపై ఇంటికి బయలుదేరాడు. వేగంగానే త్రొక్కుతున్నా బండి కదలనట్లు తోచింది. ఇంట్లోని కుర్చీలు, బల్లలు భయంకర రూపాలు ధరించాయి. పాలు తెచ్చి ఇచ్చిన పొరుగింటి ఆమె రంగుముసుగు వేసుకొన్న మంత్రగత్తెలా కనిపించింది. ఒక పిశాచం తన దేహాన్ని ఆవహించిందని, తనకు పిచ్చి పట్టిందని, భార్యాబిడ్డలను ఇక చూడలేనని ఆయన విలవిలలాడాడు. వైద్యుడు వచ్చి పరీక్షించగా కనుపాపలు విప్పారి ఉండడం తప్ప మరే దోషమూ కనిపించలేదు. క్రమంగా భయం తగ్గింది. తలుపు గడియ చప్పుడు, వీధిలోని బండి చప్పుడు రంగుల ఆకారాలుగా మారి కన్నుల ముందు కదిలాయి. మరునాటికి స్వస్థుడయ్యాడు.

ఈ వృత్తాంతంలో రంగుల భాగాన్ని తలచుకొని మురిసేవారు ఎక్కువ. ఆ తేదీని ‘సైకిలు దినం’ పేరిట పండుగ చేసుకొనేవారు కూడా ఉన్నారు. మరి ఆ మనిషి చుట్టూ ఏమేమి ఉన్నాయి? పదార్థం తాను స్వయంగా శుద్ధి చేసినది. కొలత తాను తూచినది. ప్రక్కన తోడు ఉంది; పిలిస్తే వైద్యుడు వచ్చాడు. ఇన్ని ఉన్నా ఆయన మరణభయంతో గడియలు లెక్కపెట్టాడు.

ఇది మెదడులో ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చాలావరకు తెలుసు. నాడీకణాల మధ్య వార్తలు మోసే సెరటోనిన్ అనే ద్రవ్యం మన దేహంలోనే తయారవుతుంది. ఆ ద్రవ్యం కోసం కణాలపై గ్రాహకాలనే వాకిళ్ళు ఉంటాయి. ఆకృతిలో పోలిక ఉండడం వల్ల ఎల్.ఎస్.డి. వాటిలో చొరబడుతుంది. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన, అది లోపలికి పోగానే గ్రాహకంలోని ఒక భాగం మూతలా వంగి దానిని లోపలే పట్టి ఉంచుతున్నదని చూపింది. ఇంత స్వల్ప కొలత ఎనిమిది నుండి పన్నెండు గంటల వరకు ప్రభావం చూపడానికి అది ఒక కారణం. నచ్చినా నచ్చకపోయినా మధ్యలో దిగిపోవడానికి వీలులేని ప్రయాణమది.

సారా, నల్లమందు వలె ఇది దేహాన్ని బానిసను చేయదని వైద్యశాస్త్రం చెబుతుంది. కేవలం దీని విషప్రభావం వల్లనే మరణించడం అరుదని కూడా చెబుతుంది. ఉన్న మాటను దాచి భయపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. అబద్ధమని ఒక్కటి తేలితే యువకుడు మిగిలిన నిజాలను కూడా నమ్మడు. నిజమైన ప్రమాదాలు వేరు. తీవ్రభయం పట్టినవాడు వాహనాల మధ్యకు పరుగెత్తవచ్చు. మేడ అంచును నేల అనుకోవచ్చు. వంశంలో మానసిక వ్యాధి ఉన్నవారిలో, ఆ వ్యాధి బయటపడే వయస్సు కూడా సరిగా ఇదే కనుక, నిద్రాణమైన రోగం మేల్కొనే అవకాశం ఉన్నది. మానివేసిన నెలల తరువాత కూడా చూపులో రంగుల జాడలు, చలనపు మరకలు కొందరిని వదలవు. తన వంశంలో అటువంటి వ్యాధి ఉన్నదో లేదో పదహారేండ్ల పిల్లవానికి చాలా ఇండ్లలో ఎవరూ చెప్పరు. ఇది మన సమాజపు మొగమాటం.

1947లో శాండోజ్ సంస్థ ఈ ద్రవ్యాన్ని ‘డెలిసిడ్’ అనే పేరుతో మానసిక వైద్యుల పరిశోధనకు అందించింది. త్రాగుడు వ్యసనానికి, కుంగుబాటుకు దీనితో చికిత్స చేయవచ్చునేమోనని 1950 దశకంలో ఎందరో పరీక్షించారు. అదే కాలంలో అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ., శత్రువుల చేత రహస్యాలు చెప్పించే సాధనం కోసం ‘ఎం.కె. అల్ట్రా’ అనే పథకం క్రింద దీనిని మనుషులపై, వారికి తెలియకుండానే ప్రయోగించింది. 1953 నవంబరులో ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రజ్ఞునికి సహోద్యోగులే మద్యంలో కలిపి త్రాగించారు. తొమ్మిది రోజుల తరువాత న్యూయార్కులోని ఒక హోటలు గది కిటికీ నుండి పడి ఆయన మరణించాడు. ఆ మరణం ఎలా సంభవించిందన్నది నేటికీ వివాదాస్పదమే. ద్రవ్యం కలిపిన సంగతి 1975లో గాని కుటుంబానికి తెలియలేదు. శుక్రాచార్యుని పాత్రలో బూడిద కలిపిన రాక్షసులు పురాణాలలో మాత్రమే ఉంటారనుకొనడం పొరపాటు.

1960 దశకంలో ఈ ద్రవ్యం వైద్యశాల గోడలు దాటింది. యుద్ధాన్ని, ఆచారాన్ని, అధికారాన్ని ధిక్కరించిన పాశ్చాత్య యువతరం దీనిని జ్ఞానద్వారమని భావించింది. ఆ హిప్పీలు వారణాసికి, గోవాకు తరలివచ్చి మన యోగాన్ని, వేదాంతాన్ని దీనితో జతచేసి మాట్లాడారు. నిత్యానిత్య వివేకం కోసం జీవితమంతా సాధన చేయుమన్న దర్శనాన్ని ఒక చుక్క ద్రవంలో దింపడం ఆ దర్శనం చదివినవారికి వింతగానే తోస్తుంది. 1965లో శాండోజ్ సరఫరా మానుకొన్నది. 1966లో కాలిఫోర్నియా రాష్ట్రం, బ్రిటన్, 1968లో అమెరికా దేశమంతటా దీనిని నిషేధించాయి. 1971లో వియన్నా నగరంలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దీనిని అత్యంత కఠినమైన మొదటి పట్టికలో చేర్చింది. భారతదేశం 1975లో ఆ ఒడంబడికలో చేరింది.

ఆ ఒడంబడికకు అనుగుణంగా మన పార్లమెంటు చేసినదే 1985 నాటి మాదకద్రవ్యాలు, మనఃప్రభావక పదార్థాల చట్టం. ఆంగ్లాక్షరాలలో ఎన్.డి.పి.ఎస్. చట్టమని వ్యవహారం. ఈ చట్టం శిక్షను బరువును బట్టి నిర్ణయిస్తుంది. 2001లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన పట్టిక ప్రకారం గంజాయికి 1 కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. ఎల్.ఎస్.డి.కి 0.002 గ్రాము స్వల్ప పరిమాణం, 0.1 గ్రాము వాణిజ్య పరిమాణం. రెండింటి వాణిజ్య పరిమాణాల మధ్య రెండు లక్షల రెట్ల భేదం ఉన్నది. నాలుగైదు బియ్యపు గింజల బరువు గల ఎల్.ఎస్.డి., చట్టం దృష్టిలో ఒక గంజాయి బస్తాతో సమానం.

స్వల్ప పరిమాణానికి ఒక సంవత్సరం వరకు కఠిన కారాగారం, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానికి మించి వాణిజ్య పరిమాణానికి లోబడినంత వరకు 10 సంవత్సరాల వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. వాణిజ్య పరిమాణమైతే 10 సంవత్సరాలకు తగ్గకుండా 20 సంవత్సరాల వరకు కారాగారం, లక్షకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా. ఈ చివరి తరగతిలో 37వ సెక్షన్ ప్రకారం బెయిలు దొరకడం కూడా మిక్కిలి కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని న్యాయస్థానం తృప్తి చెందాలి. కొనడం, దగ్గర ఉంచుకొనడం, ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకుపోవడం, వాడడం అన్నీ నేరాలే. విదేశం నుండి టపాలో తెప్పిస్తే అది దిగుమతి నేరం. మిత్రబృందం కోసం ఒకడు డబ్బు పోగుచేసి తెప్పించినప్పుడు, తాను లాభం తీసుకోలేదన్న వాదం అతనిని శిక్ష నుండి తప్పించదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఎల్.ఎస్.డి.ని విడిగా అమ్మరు. ద్రావణంలో ముంచిన అద్దుడు కాగితాన్ని చిన్న చిన్న గడులుగా కత్తిరించి అమ్ముతారు. గడిలోని మందు మిల్లీగ్రాములో ఏ పదో వంతో ఉండవచ్చు. ఆ గడి కాగితం మాత్రం ఒక్కటే 2 మిల్లీగ్రాములను దాటుతుంది. మరి తూచవలసినది మందునా, కాగితంతో కూడిన మందునా? 2020 ఏప్రిల్‌లో ‘హీరా సింగ్’ కేసులో సుప్రీంకోర్టు, మాదకద్రవ్యంలో కలిసిన తటస్థ పదార్థాన్ని కూడా కలిపి మొత్తం బరువునే లెక్కించాలని తీర్పు చెప్పింది. కాగితం అటువంటి మిశ్రమంలో భాగమా, కేవలం పాత్రా అన్నది న్యాయస్థానాలలో వాదోపవాదాలకు విషయమైంది. పది ముక్కలు జేబులో పెట్టుకొన్న విద్యార్థికి ఒక సంవత్సరమా, పది సంవత్సరాలా అన్నది ఈ తర్కంపై ఆధారపడి ఉంటుంది. పదార్థం విషయంలో పాండిత్యం చూపే యువకులెవరికీ ఈ లెక్క తెలియదు.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ప్రత్యేకంగా వర్తించే శాసనం మరొకటి ఉన్నది. 18 ఏండ్లు నిండనివారిని చట్టం పిల్లలుగానే పరిగణిస్తుంది. 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుని ఆజ్ఞ లేకుండా పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పిల్లల చేత మోయించినవారికి, అమ్మించినవారికి 78వ సెక్షన్ అదే శిక్ష చెబుతుంది. ఇంతవరకు అది పిల్లలకు రక్షణ. కాని కనీస శిక్ష ఏడేండ్లు, అంతకు మించి గల నేరాలను ఆ చట్టం హేయమైన నేరాలంటుంది. పదహారేండ్లు నిండిన వారు అటువంటి నేరం చేశారన్న ఆరోపణ వచ్చినప్పుడు, బాల న్యాయ మండలి వారి మానసిక పరిణతిని పరిశీలించి, పెద్దల వలె విచారించడానికి పంపవచ్చు. వాణిజ్య పరిమాణం ఆ కోవలోనికే వస్తుంది.

2017 జూలైలో తెలంగాణ ఆబ్కారీ శాఖ హైదరాబాదులో ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఏ. విక్రయిస్తున్నవారిని పట్టుకొన్నది. ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడి, పలువురు సినీరంగ ప్రముఖులను పిలిచి ప్రశ్నించింది. పత్రికలు, టెలివిజన్లు ఆ పేర్ల చుట్టూనే తిరిగాయి. కొన్నవారిలో పాఠశాలల, కళాశాలల విద్యార్థులు ఉన్నారన్న సంగతి ఆ సందడిలో మరుగున పడింది. 2023 జూన్‌లో జాతీయ మాదకద్రవ్య నియంత్రణ సంస్థ దేశవ్యాప్త ముఠా ఒకదానిని ఛేదించి, దాదాపు 15 వేల ఎల్.ఎస్.డి. కాగితపు గడులను స్వాధీనం చేసుకొన్నది. బేరం డార్క్‌నెట్‌లో, చెల్లింపు క్రిప్టో కరెన్సీలో, బట్వాడా మామూలు కొరియరులో. ఈ వ్యాపారంలో అమ్మేవాడు కొనేవానికి ముఖం చూపడు.

గోదావరి డెల్టాకు మత్తు అనగానే గుర్తుకు వచ్చేది గంజాయి. మన్యం కొండలలో పండిన గంజాయి రాజమహేంద్రవరం మీదుగా, రహదారిపైనా రైళ్ళలోనూ తరలిపోతూ పట్టుబడిన వార్తలు పత్రికలలో తరచు కనిపిస్తాయి. 2021లో ప్రభుత్వం ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలను నరికించింది. 2024లో రాష్ట్రమంతటికీ ‘ఈగల్’ అనే ప్రత్యేక పోలీసు విభాగం ఏర్పడింది. బస్తాలకు వాసన ఉంటుంది, బరువు ఉంటుంది, తనిఖీలో దొరుకుతాయి. కాగితపు గడికి అవేవీ లేవు. అమలాపురం, తణుకు, భీమవరం వంటి ఊళ్ళలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి హైదరాబాదుకో, బెంగుళూరుకో, విశాఖపట్నానికో పోయిన పిల్లలు అక్కడి హాస్టలు గదిలో మొట్టమొదట దీనిని చూచే అవకాశం ఉన్నది. ఇచ్చేవాడు చాలావరకు అపరిచితుడు కాడు. ‘ఏమీ కాదురా’ అనే తోటి విద్యార్థియే.

ఆ తోటి విద్యార్థికి కూడా తెలియని సంగతి ఒకటి ఉన్నది. ఎల్.ఎస్.డి. పేరిట అమ్ముతున్న కాగితాలపై ఎల్.ఎస్.డి. ఉండాలన్న నియమమేమీ లేదు. 2003లో బెర్లిన్‌లో మెదడు గ్రాహకాల పరిశోధన కోసం తయారైన ఎన్‌బోమ్ జాతి ద్రవ్యాలు, కొన్నేండ్లకు అటువంటి కాగితాలపైనే బజారులోనికి వచ్చాయి. అవి గుండెను, రక్తనాళాలను దెబ్బతీస్తాయి, మూర్ఛలు కలిగిస్తాయి. ఎల్.ఎస్.డి. అనుకొని వాటిని తీసుకొన్న యువకులు అమెరికాలో, ఆస్ట్రేలియాలో మరణించారు. 2015లో 25ఐ-ఎన్‌బోమ్‌ను కూడా ఐక్యరాజ్యసమితి మొదటి పట్టికలో చేర్చింది. కాగితాన్ని చూచి ఏది ఏదో చెప్పగలవారు లేరు. అమ్మినవాడు కూడా మరొకని మాట నమ్మినవాడే.

ఈ సందర్భంలో డెల్టా బిడ్డ ఒకరిని తలచుకొనడం అప్రస్తుతం కాదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. హాఫ్‌మన్ పుట్టినది జనవరి 11. తేదీలకు ఒక్క రోజే ఎడం, సంవత్సరాలకు పదకొండు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి సుబ్బారావు సోదరులను బలిగొన్నది, ఆయనను కూడా పీడించింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందం, ఆ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలుకు డైఇథైల్ కార్బమజిన్ అనే మందును కనుగొన్నది. కాలువలు, దోమలు, బోదకాలు డెల్టా జీవితంలో విడదీయరానివిగా ఉన్న కాలమది. ఆ మందునే తరువాత ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తెచ్చి, వయస్సు అడిగి, లెక్క ప్రకారం మాత్రలు చేతిలో వేసి, తమ ఎదుటనే మింగుమన్నారు. మాత్రలో ఏముందో సీసాపై వ్రాసి ఉంటుంది. వికటిస్తే అడగడానికి మనిషి ఉంటాడు. సుబ్బారావు మందూ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రసాయనమే, హాఫ్‌మన్ ద్రవ్యమూ అంతే.

ఎల్.ఎస్.డి.ని మళ్ళీ మందుగా పరీక్షిస్తున్న మాట నిజమే. స్విట్జర్లండ్‌లో ప్రత్యేక అనుమతితో కొందరు వైద్యులు రోగులకు ఇస్తున్నారు. తీవ్రమైన ఆందోళనా వ్యాధికి దీని నుండి తయారైన ఒక మందును 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ త్వరిత పరిశీలనకు అర్హమైనదిగా గుర్తించింది. ఈ వార్తను వాడుకదారులు తమకు అనుకూలంగా చూపుతారు. ఆ పరీక్షలలో ముందుగా రోగి వంశచరిత్ర అడుగుతారు, గుండెను పరీక్షిస్తారు, పరిశీలకులు గంటల తరబడి ప్రక్కనే ఉంటారు. హాస్టలు గదిలో వీటిలో ఒక్కటీ ఉండదు. మన దేశపు చట్టంలో మార్పేమీ రాలేదు.

చిక్కుకొన్నవానికి ఆ చట్టమే ఒక ద్వారం తెరిచి ఉంచింది. ఎన్.డి.పి.ఎస్. చట్టం 64-ఎ సెక్షన్ ప్రకారం, వ్యసనానికి లోబడినవాడు సేవించిన నేరానికి గాని, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరానికి గాని ఆరోపణకు గురైనప్పుడు, తనంతట తానుగా గుర్తింపు పొందిన వైద్యశాలలో వ్యసనవిముక్తి చికిత్సకు సిద్ధపడి, ఆ చికిత్స పొందితే, ఆ నేరానికి విచారణ నుండి మినహాయింపు లభిస్తుంది. చికిత్స మధ్యలో మానివేస్తే మినహాయింపు రద్దు కావచ్చు. వ్యసనవిముక్తికి జాతీయ సహాయ సంఖ్య 14446. మానసిక ఆరోగ్య సలహాకు 14416. ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ విభాగపు సంఖ్య 1972. ఎవరైనా కాగితం మింగి భయంతో వణుకుతున్నా, మూర్ఛపోయినా, వానిని గదిలో పెట్టి తలుపు వేయకూడదు. 108కి ఫోను చేసి, ఏమి తీసుకొన్నాడో వైద్యునికి దాచకుండా చెప్పాలి. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. మిగిలిన కాగితం ముక్క ఉంటే వైద్యునికి చూపాలి.

ప్రశ్నలు

1. కచుని వృత్తాంతాన్ని ఈ పాఠంలో ఏ విషయానికి అన్వయించారు? వివరించండి.
2. భ్రాంతిమదలంకారానికీ, ఎల్.ఎస్.డి. కలిగించే భ్రాంతికీ గల భేదమేమి?
3. గంజాయి, ఎల్.ఎస్.డి. పరిమాణాలను చట్టం నిర్ణయించిన తీరును పోల్చి వ్రాయండి.
4. సుబ్బారావు మందు, హాఫ్‌మన్ ద్రవ్యం ప్రజలకు చేరిన విధానాలలోని తేడాను సొంత మాటలలో చర్చించండి.
5. సంధి విడదీసి పేరు వ్రాయండి: శుక్రాచార్యుడు, నిత్యానిత్యం, వాదోపవాదం.